మా వదినకు ఓపిక లేదు

మా వదిన పోయిన పదకొండో రోజున, భోజనాల దగ్గర, ఆమెకు ఏనాడూ లేని గుణం ఒకటి తెచ్చి అందరూ కలిసి ఆమెకు అంటగట్టారు.

“ఎంత ఓపికున్న మనిషో! ఒక్కనాడన్న గొంతు లేపిందా?” అంది మా మేనత్త, పప్పన్నం కలుపుకుంటూ.

“అసొంటి పిల్లను పెట్టుకోని, అంత తక్లీఫ్‌ల సుత కిమ్మనలే,” అని పక్కనున్నాయన అందుకున్నాడు. అందరూ తలలూపారు. మా అన్న గోడకు ఆనుకుని కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

నేను పెరుగు వడ్డిస్తున్నాను. ఆ గిన్నె ఎత్తి నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. మా ఇంట్లో ఎవరూ ఏదీ నేలకేసి కొట్టరు. నిదానంగా, నీ మంచికేనని చెబుతూ, నీకు కావలసినదాన్ని నీకు తెలియకుండా ఇంట్లోంచి తీసేస్తారు. అలా తీసేసిన చేతుల్లో నావి కూడా ఉన్నాయి కాబట్టి పెరుగు వడ్డిస్తూనే ఉన్నాను.

మా వదినకు ఓపిక లేదు. ఆమెకున్నది కోపం. ఇరవై ఏళ్లకు పైగా ఒకే ఇంట్లో ఉండి చూశాను, కింద వాటాలో వాళ్లు, పై వాటాలో నేనూ మా అమ్మా. అందరికీ కోపం వస్తే గొంతు లేస్తుంది. ఆమెకు దిగేది. ఎంత కోపమొస్తే అంత మెల్లగా మాట్లాడేది. మరీ ఎక్కువైతే ఏమంటోందో వినడానికి మనం కాస్త ముందుకు వంగాల్సి వచ్చేది. మా చుట్టాల్లో ఒక్కరూ వంగలేదు. అందుకని వాళ్లకు అది ఓపికలా కనబడింది.

ఆమె కూతురు రమ్యకు పుట్టుకతోనే కాళ్లు పనిచేయవు. బుద్ధి చురుకు, నోరు అంతకన్నా చురుకు. చక్రాల కుర్చీలో ఇల్లంతా తిరిగేది. గడప దాటిందంటే మాత్రం ఎవరో ఒకరు ఎత్తాల్సిందే. మా ఇల్లు కాప్రాకూ యాప్రాల్‌కూ నడుమ ఒక గల్లీలో. తారు రోడ్డు మలుపు దగ్గరే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి రాళ్లు, గుంతలు, వానాకాలమైతే మోకాటి లోతు నీళ్లు. బడి ఏ.ఎస్. రావు నగర్‌లో, నాలుగు కిలోమీటర్లు. ఆటోవాళ్లు పిల్లను ఎక్కించుకునేవాళ్లు గానీ కుర్చీని ఎక్కించుకునేవాళ్లు కాదు. అందుకని పిల్లకు బడిలో ఒక కుర్చీ, ఇంట్లో ఒక కుర్చీ. మధ్యలో మా అన్న చేతులు, నా చేతులు, ఆటో నడిపేవాడి చేతులు.

రమ్యకు పదేళ్లప్పుడు ఒకరోజు బడి గేటు ముందు ఆటో అతను ఆమెను ఎత్తుకుని దించుతుంటే గౌను పైకి పోయింది. అతని తప్పేమీ లేదు. చుట్టూ ఉన్న పిల్లలు నవ్వారు. ఆ సాయంత్రం మా వదిన కుట్టుమిషను ముందు కూచుని, దారం సూదిలోకి ఎక్కిస్తూ, నాకు వినబడీ వినబడనట్టు అంది:

“ఇగ పిల్లను మూటలెక్క ఎత్తుడు బంద్.”

ఆమె ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుండేది. మర్నాటి నుంచి ఆ టేపుతో రోడ్డు మీద కనబడ్డ ప్రతి బండి వెనక తలుపూ కొలవడం మొదలుపెట్టింది. కూరగాయలకని వెళ్లేది, ఆగి ఉన్న వ్యాను వెనక వంగేది. రమ్య కుర్చీ వెడల్పు ఇరవై ఆరు అంగుళాలు. కుర్చీలో కూచుంటే నేల నుంచి పిల్ల తల దాకా ఎత్తు ఎంతో అదీ కంఠతా వచ్చు. బండి యజమాని ఉరికొచ్చి “ఏందమ్మా, ఏం చేస్తున్నవ్?” అంటే, తొణక్కుండా “కొలుస్తున్న అన్నా, నీది సరిపోదులే,” అని పక్క బండికి పోయేది. షోరూముల్లో కుర్రాళ్లు నవ్వారు. మా అన్న సిగ్గుతో చచ్చిపోయాడు. “రోడ్ల మీద బండ్లు కొలుసుడేందే, చూసెటోళ్లు ఏమనుకుంటరు?” అనేవాడు.

“సిగ్గున్నోళ్లు ఇంట్ల కూసోండ్రి,” అనేది.

కొలిచి కొలిచి చివరికి యాప్రాల్‌లో ఒక షెడ్డు దగ్గర ఆగింది. మిలిటరీవాళ్లు వాడి వాడి వేలంలో వదిలేసిన పాత జీపులను డిస్పోజల్ జీపులంటారు. అలాంటివి అక్కడ నాలుగైదు, టైర్ల మధ్య గడ్డి మొలిచి పడి ఉన్నాయి. మెకానిక్ ముసలాయన. గడ్డం తెల్లగా, చేతులు నల్లగా. తోడుకు నేను వెళ్లాను. వదిన ఒక్క మాట మాట్లాడకుండా ఆకుపచ్చ జీపు వెనక తలుపు దించి టేపు పట్టింది. రెండు చక్రాల డొప్పల మధ్య కుర్చీ వెడల్పు పోగా ఇంకా జానెడు మిగిలింది.

“చాచా, ఇది నడుస్తదా?”

“నడుస్తది బేటీ, గుట్టలెక్కుతది. ఎవరికి?”

“ఇంటికి. రోజూ పిల్లను బడికి తీసుకపోవాలె.”

ఆయన లేచి నిలబడ్డాడు. “ఇది ఇంటి బండి కాదు. షోక్ ఉన్న సార్లు ఐతారం ఐతారం నడుపుకునేది. స్టీరింగ్ తిప్పితే భుజాలు పోతయి. వాన పడితే లోపల సుత పడ్తది. అడవిల తిరిగే బండి ఇది.”

“మా గల్లీ చూసినవా చాచా? అడవే నయం.”

ముసలాయన పకపకా నవ్వాడు. ఆ నవ్వుతోనే బేరం కుదిరింది. మా గల్లీలో వాళ్లు కొన్న పాత మోటార్‌సైకిళ్ల ధరకే వచ్చిందా జీపు. దాని అవతారం అలా ఉంది మరి.

ఆమె చేయించుకున్నవి నాలుగు. వెనక బల్లలు పీకించింది. రెండు ఇనుప పట్టాలు చేయించింది, వెనక తలుపు దించి వాటిని ఆనిస్తే కుర్చీ చక్రాలు వాటి మీదుగా లోపలికి ఎక్కుతాయి. రమ్య తల తగలకుండా పైకప్పు కడ్డీలను జానెడు ఎత్తు పెంచించి, టార్పాలిన్ తనే కుట్టింది. దాంతో జీపుకు మూపురం వచ్చింది. గల్లీ పిల్లలు దాన్ని ఒంటె అనేవాళ్లు. కుర్చీ కదలకుండా నేలకు నాలుగు కొక్కేలు వెల్డింగ్ చేయించింది.

రిజిస్ట్రేషను రోజున మా అన్న వచ్చాడు. “నా పేరు మీద ఉండని. ఆఫీసుల చుట్టూ ఆడోళ్లు తిరుగుడెందుకు?” అన్నాడు.

“పేరు నువ్వు పెట్టుకో. తాళం నా దగ్గరుంటది,” అని తాళంచెవిని కొంగుకు ముడేసుకుంది. ఆ మాటకు అందరం నవ్వాం. నవ్వాల్సింది కాదు.

ఆ ముసలాయనే ఆమెకు నడపడం నేర్పాడు, చెరువు పక్క ఖాళీ జాగాలో. మొదటి నెల ఆమె భుజాలకు జండూబామ్ వాసన పోలేదు. తర్వాత ఆ జీపు ఆమె ఒంట్లో భాగమైపోయింది. పొద్దున ఏడున్నరకు సీట్లో కూచుని, ముందు పలక మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి “లే, టైమైంది,” అనేది. అది దగ్గేది. ఇంకో దెబ్బ. గల్లీ అంతా పొగ. వెనక కుర్చీలో రమ్య, పుస్తకాల సంచీ ఒళ్లో పెట్టుకుని, వెనక్కి తిరిగి ఉన్న మహారాణిలా.

హారన్ కొట్టేది కాదు. వెనక ఎవరన్నా అదే పనిగా కొడితే బండి ఆపి, దిగి, వాడి అద్దం దగ్గరకు పోయి మెల్లగా అడిగేది: “కొడితే రోడ్డు పెద్దగైతదా అన్నా?” నేను ఒకసారి పక్కన ఉన్నాను. కారులోని మనిషి అద్దం దించి ముందుకు వంగాడు. విన్నాడు. అద్దం ఎత్తేసుకున్నాడు.

వానలు పడ్డ రోజుల్లో గల్లీలో కార్లన్నీ ఆగిపోతే ఆమె నాలుగు చక్రాలకూ బలమిచ్చే రెండో గేరు కడ్డీ లాగి, నీళ్లను చీల్చుకుంటూ పోయేది. ఇరుక్కున్న కార్లను తాడు కట్టి లాగేది. లాగినంతసేపూ తిట్టేది. “చెరువుల ఇల్లు కట్టి, నీళ్లొచ్చినయని ఏడుస్తరు,” అని. గ్యాస్ సిలిండర్లు, బియ్యం బస్తాలు, నొప్పులొచ్చిన ఆడవాళ్లు, అన్నీ అందులోనే. అయితే తనను చూసి వెక్కిరించిన మగ చుట్టాలను మాత్రం ముందు సీట్లో కూచోనిచ్చేది కాదు. “వెనక నిలబడు,” అనేది.

అయిదేళ్లు అలా నడిచింది. ఆ అయిదేళ్లలో రమ్యను గడప బయట ఎవరూ ఎత్తలేదు.

రమ్య పదో తరగతిలో ఉండగా మా వదినకు కడుపులో నొప్పి, ఆగని రక్తస్రావం. గర్భసంచిలో గడ్డలున్నాయి, తీసేయాలన్నారు. ఇక చూడాలి మా ఇంటి ఆడవాళ్ల జ్ఞానం. మా అమ్మ మొదలుపెట్టింది. “ఆ జీపు కుదుపులకే దాని కడుపు ఖరాబైంది. ఆడది నడిపే బండా అది?” మేనత్త అవునంది. పక్కింటావిడ తనకు తెలిసిన ఇంకో ఇద్దరి కడుపుల కథ చెప్పింది. డాక్టరును అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. కారణం ముందే తేలిపోయింది కదా.

ఆపరేషనుకు పోయే పొద్దున వదిన కొంగు ముడి విప్పి తాళంచెవి నా చేతిలో పెట్టింది.

“తమ్మీ, రోజొక్కసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచు. లేకుంటే బ్యాటరీ పడిపోతది. ఇంకెవ్వరికి ఇయ్యకు.”

“నాకు తెల్వదా వదినా, నువ్వు ఫికర్ చేయకు,” అన్నాను.

నాలుగో రోజు మా అన్న పైకి వచ్చాడు. “తాళం ఇయ్యి. జీపును ఒకాయన చూసిపోయిండు. ఫామ్‌హౌస్‌కు కావాల్నంట. నేను చిన్న కారు మాట్లాడిన, ఏసీ సుత ఉంది.”

“వదినను అడిగినవా?”

“దవాఖానల పడుకున్న మనిషిని ఏం అడుగుతం? బాగై వచ్చినంక సంబురపడ్తది.”

“రమ్య కుర్చీ?”

“రెండు నెలల్ల పరీక్షలు అయిపోతయి. అందాక నేను ఎత్తుకుంట. నా బిడ్డను నేను ఎత్తుకుంటే తప్పా?”

మా అమ్మ వంటగదిలోంచి వచ్చి నా ముందు నిలబడింది. “మళ్ల ఆ బండెక్కి అది చస్తే నువ్వు జిమ్మేదారి తీసుకుంటవారా?”

నేను తాళం ఇచ్చాను. ఇచ్చి ఊరుకోలేదు. మా అన్నకు ఆ జీపు గేరు పడేది కాదు. అందుకని నేనే నడిపి తీసుకుపోయి అప్పజెప్పాను. దారిలో ఒకచోట బండి ఆగిపోతే, ముందు పలక మీద రెండు దెబ్బలు కూడా వేశాను. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎవరూ తిట్టరని తెలుసు, అదే నాకు భరించలేని సంగతి. “మంచిపనే చేసినవ్,” అంటారు.

వదిన ఆ కొత్త చిన్న కారులోనే ఇంటికి వచ్చింది. కడుపు పట్టుకుని దిగింది. వాకిట్లో జీపు ఉండే చోట నూనె మరక ఒకటే ఉంది. ఆమె మా అన్న వైపు చూడలేదు. అత్తగారి వైపు చూడలేదు. నా వైపు తిరిగి చెయ్యి చాపింది.

“తమ్మీ, తాళం.”

“అన్న తీసుకున్నడు వదినా.”

ఆమె పెదవులు కదిలాయి. నేను ముందుకు వంగాను.

“నేను మీ అన్నకిచ్చిన్నా?” అంది.

అంతే. లోపలికి పోయింది. ఆ తర్వాత ఏడాది పైగా అవసరానికి తప్ప నాతో మాట్లాడలేదు.

కుట్లు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు, మా అన్ననూ మా అమ్మనూ పక్కన నిలబెట్టుకుని ఆమె డాక్టరమ్మను అడిగింది. “జీపు నడిపితే గర్భసంచి పాడైతదా మేడమ్?”

డాక్టరమ్మ నవ్వింది. “గడ్డలకూ జీపుకూ ఏం సంబంధమమ్మా? ఎవరు చెప్పారు?”

వదిన ఎవరు చెప్పారో చెప్పలేదు. పక్కకు తిరిగి వాళ్లిద్దరినీ చూసింది, అంతే. మా అమ్మ ఇంటికి వచ్చి, “డాక్టర్లకు అన్నీ తెలుస్తయా?” అంది.

రమ్య కుర్చీ ఆ కారులో పట్టలేదు. మడిచినా పట్టలేదు. పట్టదని అయిదేళ్ల కిందటే టేపు పెట్టి చూసిన మనిషి ఇంట్లోనే ఉంది, ఆమెనే అడగలేదు. పదిహేనేళ్ల పిల్లను మా అన్న రెండు రోజులు ఎత్తుకుని బడికి తీసుకుపోయాడు. మూడో రోజు రమ్య, “నేను పోను డాడీ. ఇంట్లనే చదువుకుంట,” అంది. సరే, బుద్ధిమంతురాలు అన్నారు అందరూ.

పరీక్షలు మొదలైన పొద్దున ఏడింటికి నేను కిందికి దిగేసరికి వాకిట్లో గొడవ. మా అన్న కారు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. రమ్య కుర్చీ చక్రాలను రెండు చేతులతో బిగించి పట్టుకుంది.

“నన్ను ఎత్తకు డాడీ.”

“పరీక్షకు టైమైతున్నదే! జిద్దు చేసే టైమా ఇది?”

“ఎత్తకు అంటున్న.”

వదిన లోపల్నుంచి వచ్చింది. ఆపరేషనై ఆరు వారాలు కూడా కాలేదు. బరువు ముట్టుకోవద్దని చెప్పి పంపించారు. కొంగు నడుముకు బిగించి, కుర్చీ వెనక నిలబడి, నెట్టడం మొదలుపెట్టింది. గల్లీ దాటింది. రాళ్ల మీద కుర్చీ ఎగిరెగిరి పడుతోంది. రమ్య చక్రాలు తిప్పుతోంది, తల్లి నెడుతోంది. తారు రోడ్డు ఎక్కాక పక్కన నడవలేదు. పక్కన నడవడానికి చోటెక్కడుంది, బండ్లు, తోపుడుబండ్లు, తవ్విన గుంతలు. నడిరోడ్డు మీదికి వచ్చింది.

నేను పరుగెత్తుకుంటూ పోయి కుర్చీ పిడి మీద చెయ్యి వేశాను.

“చెయ్యి తియ్యి,” అంది. నేను వంగాల్సి వచ్చింది వినడానికి. తీశాను.

వెనక మా అన్న కారు, ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి బతిమాలుతున్నాడు. “ఇజ్జత్ తీయకే! ఎక్కుండ్రి!” ఆయన వెనక బండ్లన్నీ హారన్లు. ఆమె తిరిగి చూడలేదు. ఒక నీళ్ల ట్యాంకరు మా అన్న కారును దాటుకుని ముందుకొచ్చింది. హారన్ గట్టిగా రెండుసార్లు కొట్టాడు డ్రైవరు. తర్వాత ఏం కనబడిందో, ఆపేశాడు. ట్యాంకరును రోడ్డుకు అడ్డంగా కాస్త తిప్పి, వాళ్ల వెనకే మెల్లగా, నడక వేగంతో నడిపించాడు. ఇక ఎవరూ వాళ్లను దాటి రాలేకపోయారు. ఏ.ఎస్. రావు నగర్ దాకా అలాగే. ఆ డ్రైవరు ఎవరో నాకు తెలియదు. మా చుట్టాలందరికన్నా నాకు అతనంటే గౌరవం.

పరీక్ష కేంద్రం గేటు దగ్గరికి చేరేసరికి రమ్య అరచేతులు బొబ్బలెక్కాయి. ఆమె వాటిని పావడాకు తుడుచుకుని లోపలికి పోయింది. వదిన గోడ పక్కన చతికిలబడింది. ఆమె చీర మీద, కుట్ల దగ్గర, చిన్న తడి మరక కనబడింది. మా అన్న చూసి ఏడ్చేశాడు. “ఇంత కోపమా?” అన్నాడు.

“ఇంతనే అనుకున్నవా?” అంది.

రెండో పరీక్ష నుంచి యాప్రాల్ ముసలాయన సామాన్లు మోసే ఆటో ఒకటి తెచ్చి, చెక్క పలక ఆనించి, పిల్లను కుర్చీతో సహా తీసుకుపోయాడు. వదిన మళ్లీ ఆసుపత్రిలో చేరింది. రమ్య మంచి మార్కులతో పాసయింది.

ఇంటర్ కాలేజీ ఇంకా దూరం. ఆ ఆటో ముసలాయనది కాదు, ఎవరినో అడిగి తెచ్చింది. వదిన మంచం దిగలేదు. అప్పుడు మా అన్న నోట వచ్చింది ఆ మాట: “ఒక్క ఏడాది ఆగితే ఏమైతది? పిల్ల యాడికి పోతది?” నేను అక్కడే ఉన్నాను. ఏమీ అనలేదు. నిజమే, రమ్య ఎక్కడికీ పోలేదు. ఏడాది పాటు కిటికీ దగ్గర కూచుని, తన తోటి పిల్లలు కాలేజీకి పోవడం చూసింది.

లేచి తిరగడం మొదలుపెట్టాక వదిన నన్ను ఆ ఫామ్‌హౌస్‌కు తీసుకుపొమ్మంది. జీపు తిరిగి అడుగుదామని. నా మోటార్‌సైకిల్ మీద యాప్రాల్ దాటి చాలా దూరం పోయాం. గేటు పక్కనే ఉంది జీపు. పసుపు రంగు వేశారు. ఇటుకల మీద నిలబెట్టారు. ఇంజను తీసేశారు, ఆ ఖాళీలో బంతి మొక్కలు నాటారు. యజమాని మర్యాదస్తుడు, బయటికొచ్చి నమస్కారం పెట్టాడు.

“లుక్ కోసం పెట్టినం మేడమ్. అందరు దీని ముందల ఫొటోలు దిగుతరు. లోపల తుప్పు కొక్కేలు ఉండె, కట్ చేయించిన.”

వదిన లోపలికి తొంగి చూసింది. నేల మీద నాలుగు నల్లటి మచ్చలున్నాయి. వాటి మీద వేలు పెట్టి, ఒక్కొక్కటే తడిమింది.

“నడిచే బండిని పూలకుండీ చేసినవా అన్నా?” అంది.

“ఏమన్నరు మేడమ్?” అన్నాడాయన. వినబడలేదు పాపం. ఆమె మళ్లీ చెప్పలేదు. తిరిగి వచ్చేటప్పుడు బండి మీద నా భుజం పట్టుకోలేదు, వెనక కడ్డీ పట్టుకుని కూచుంది.

ఆ తర్వాత ఆమె ముసలాయన షెడ్డుకు పోవడం మొదలుపెట్టింది. షోకు కోసం జీపులు కొన్న సార్లకు పైకప్పులు, సీటు తొడుగులు కావాలి. మందపాటి గుడ్డ, ఇంటి మిషను మీద సూదులు విరిగేవి. విరిగిన సూది తీసి పారేసి, ఇంకోటి బిగించి కుట్టేది. దానికి బదులుగా ముసలాయన మూడు చచ్చిన జీపుల్లోంచి పనికొచ్చేవి తీసి ఒక జీపు కట్టాడు. ఆయన చేతి బండ్లలో అదే చివరిది, ఆ తర్వాత షెడ్డు మూసేశాడు. రిజిస్ట్రేషనుకు ఈసారి నేనూ ఆమే పోయాం, నన్ను సంతకానికి సాక్షిగా రమ్మంది. కౌంటరులో మనిషి కాగితాలు చూసి, “సార్ రాలేదా అమ్మా?” అన్నాడు.

“రాలే. రాడు. నా పేరే రాయండ్రి.”

ఇంటికి వచ్చాం. కొత్త పట్టాల మీదుగా రమ్య తనంతట తనే చక్రాలు తిప్పుకుంటూ జీపులోకి ఎక్కింది, కొక్కేలు తనే బిగించుకుంది. వదిన దగ్గరకు పోయి, “తప్పయింది వదినా, నన్ను మాఫ్ చెయ్యి,” అన్నాను.

“నాకెందుకు చెప్తున్నవ్? పోయిన ఏడాది నాది కాదు. దానిదగ్గర అడుగు.”

రమ్య వైపు తిరిగాను. పదహారేళ్లు దాటిన పిల్ల. జీపులో ఎత్తున కూచుని ఉంది కనుక తల పైకెత్తి అడగాల్సి వచ్చింది. ఆమె కొక్కేన్ని ఇంకోసారి గుంజి చూసుకుంది. తర్వాత తల్లిలాగే, మెల్లగా అంది:

“మాఫ్ చేసిన అంటే నువ్వు హాయిగ పంటవు బాబాయ్. ఏడాది ఆగు. ఏడాది ఆగితే ఏమైతది?”

ఆగాను. ఆ ఏడాదంతా రోజూ పొద్దున కిటికీలోంచి జీపు పోవడం చూస్తూ ఆగాను. ఏడాది తిరిగిన రోజు వాన కురిసి వెలిసింది. కిందికి దిగాను. వదిన వాకిట్లో పైపు పట్టుకుని జీపు కడుగుతోంది.

“ఎందుకొచ్చినవో ఎరికే. లోపలుంది, పో,” అంది.

రమ్య లెక్కల పుస్తకం ముందు వేసుకుని ఉంది. నన్ను చూడగానే నవ్వింది. “గుర్తు పెట్టుకున్నవా బాబాయ్? సరే, చేసిన. పో, రేపు పరీక్షుంది నాకు.”

బయటికొచ్చాను. ఒళ్లు తేలికైంది. వదినకు చెబుదామని నోరు తెరిచాను. ఆమె నాకు తడిగుడ్డ విసిరింది.

“అది చిన్నపిల్ల, చేస్తది. నేను చెయ్యలే, చెయ్య. వెనక టైర్లు కడుగు.”

కూచుని కడిగాను. టైరు గాట్లలో ఎర్రమట్టి గట్టిగా పట్టుకుని ఉంది. వేళ్లు పెట్టి, పుల్లతో గీకి, నీళ్లు పోసి, ఒక చక్రం మెరిసేదాకా తోమాను. లేచి నడుం నిలబెట్టాను. ఆమె వచ్చి, వంగి, గాటులో వేలు పెట్టి తీసి చూసింది.

“ఇంకా ఉంది,” అంది.